చూడ్డానికి బాగానే ఉన్నానట... మరి నాకు సాయం ఎవరు చేస్తారు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కావలిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. నాలుగేళ్ల కిందట ఒక కన్ను మసకబారింది, తర్వాత ఎడమ కాలు మొద్దుబారింది. చెన్నైలో ఎం.ఆర్.ఐ. తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఇప్పుడు నడుస్తున్నాను, చీర కట్టుకుని స్కూలుకు పోతున్నాను. కానీ మధ్యాహ్నం దాటితే ఓపిక ఒక్కసారిగా అయిపోతుంది. ఎండాకాలం అయితే చూపు కూడా మసకేస్తుంది. బాత్రూంకు ఆపుకోలేను. రెండో అంతస్తు ఎక్కి దిగాలంటే ఏడుపొస్తుంది. అత్తగారు "నీకేం రోగం మే, గుండ్రాయి మాదిరి ఉండావు గదా" అంటారు. మా ఆయన తిట్టరు, అలాగని నమ్మినట్టూ ఉండరు. స్కూల్లో చెబితే తీసేస్తారని భయం. వికలాంగుల సర్టిఫికెట్ తీసుకోమని ఒకరు చెప్పారు. పెళ్లి కావాల్సిన చెల్లెలు ఉంది, ఆ పేరు పడితే సంబంధాలు రావని అమ్మ వద్దంటోంది. నాలాంటివాళ్లకు సాయం చేసేవాళ్లు మన జిల్లాలో ఎవరైనా ఉన్నారా? డబ్బుకు ఇబ్బందిగా ఉండి, ఎలాగూ బాగానే ఉన్నాను కదా అని ఈసారి ఇంజెక్షన్ వాయిదా వేశాను.
– ఒక సోదరి, కావలి

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతితోనే మొదలుపెడతాను. మీ ఉత్తరం మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది ఆ ఇంజెక్షన్ మాటే. ఎం.ఎస్.కి, అంటే మీ మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి, క్రమంగా వాడే మందు ఈరోజు బాధ తగ్గడానికి ఇచ్చేది కాదు, రేపు నరాల మీద రాబోయే దాడిని ఆపడానికి ఇచ్చేది. అందుకే వాడుతున్నన్నాళ్లూ "బాగానే ఉన్నాను కదా" అనిపిస్తుంది. ఆపేస్తే వెంటనే తేడా తెలియదు. తెలిసేసరికి నరం దెబ్బతిని ఉంటుంది, ఆ దెబ్బ ప్రతిసారీ పూర్తిగా మానదు. కాబట్టి ఈ వారమే చెన్నై డాక్టరుకు ఫోన్ చేయించి, డోసు తప్పిందని, ఎందుకు తప్పిందో కూడా దాచకుండా చెప్పండి. ఖర్చు భరించలేకపోతున్నామని డాక్టరుతో చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. చెబితేనే కదా వేరే దారి చూపిస్తారు. ఎం.ఎస్.లో డాక్టర్లు వాడే వాటిలో రిటుక్సిమాబ్ ఒకటి. దాని బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అదే పని చేసేలా వేరే కంపెనీ తయారుచేసే మందును, హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది. విదేశీ బ్రాండ్ల కంటే ఇలాంటివి తక్కువలో వస్తాయి. మీకు ఏది సరిపడుతుందో నేను చెప్పలేను. కానీ "ఇంతకంటే తక్కువ ఖర్చులో నాకు పనికొచ్చేది ఉందా?" అని అడగడం మీ హక్కు. చెన్నై భారంగా ఉంటే తిరుపతి స్విమ్స్‌లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ న్యూరాలజీ విభాగాలున్నాయి. రెండూ కావలి నుంచి పొద్దున పోయి రాత్రికి రాగలిగిన దూరమే. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీ చికిత్సలో ఏ భాగం ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తుందో అడగండి. రాని బిల్లులకు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవచ్చు. మన దగ్గర మామూలు కుటుంబాలు ఆ దారిలో వెళ్తూనే ఉన్నాయి. ఒరిజినల్ బిల్లులు మాత్రం పారేయకండి.

ఇక మీ అసలు బాధ. "నన్ను ఎవరూ నమ్మడం లేదు" అన్న మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు గానీ, ప్రతి వాక్యం వెనకా అదే ఉంది. నా సలహా కాస్త కటువుగా అనిపించవచ్చు. నమ్మించే ప్రయత్నం కొన్నాళ్లు పక్కన పెట్టండి. కంటికి కనపడని జబ్బున్నవాళ్లు సగం ఓపికను జబ్బుతోనూ, మిగతా సగం ఓపికను "నిజంగానే జబ్బు" అని రుజువు చేయడంలోనూ ఖర్చు పెట్టేస్తారు. ఎదుటివాళ్లు నమ్మినా నమ్మకపోయినా మీకు కావలసిన పని ఒకటి ఉంటుంది. స్టూలు కావాలి, కింది అంతస్తులో క్లాసు కావాలి, బస్సులో ముందు సీటు కావాలి. అది అడగండి. అత్తగారికి మీ నరాల పరిస్థితి అర్థం కాకపోయినా, "సాయంత్రం ఆరు తర్వాత గిన్నెలు నేను తోమలేను, పొద్దున తోముతాను" అన్న మాట అర్థమవుతుంది. ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే సంగతి. కనీసం గొడవ మీ ఒంటి మీద కాకుండా గిన్నెల మీద జరుగుతుంది.

అయినా ఒక్కసారైనా విడమరిచి చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు, మీ ఆయన. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకుపోండి. ఎం.ఆర్.ఐ.లో మచ్చలు ఎక్కడున్నాయో చూపించమని, ఎండకు ఏమవుతుందో ఆయనకే చెప్పమని డాక్టర్ని అడగండి. మన ఇళ్లల్లో భార్య వందసార్లు చెప్పినా ఎక్కనిది డాక్టరు ఒక్కసారి చెబితే ఎక్కుతుంది. ఈ పద్ధతి బాగోలేదు గానీ, వాడుకోండి. ఇంట్లో చెప్పడానికి ఒక పోలిక కూడా ఇస్తాను. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, మన నరాల మీదా మైలిన్ అనే అలాంటి తొడుగు ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున ఆ తొడుగును కొరికేస్తుంది. తీగ తెగలేదు కాబట్టి లైటు వెలుగుతుంది, కానీ లోడు పెరిగితే మిణుకుమిణుకుమంటుంది. మీరు పొద్దున తొమ్మిదికి చలాకీగా ఉండి మూడింటికి గోడ పట్టుకోవడం నాటకం ఎందుకు కాదో దీంతో తెలుస్తుంది.

ఎండ సంగతి. ఒంటి వేడి కాస్త పెరిగినా దెబ్బతిన్న నరంలో సంకేతం నెమ్మదిస్తుంది. దీన్ని 1890లో కనిపెట్టిన ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు పేరుతోనే పిలుస్తారు. చల్లబడితే చూపూ కాలూ మళ్లీ మామూలుకు వస్తాయి, కొత్తగా నరం పాడైనట్టు కాదు. ఆ భయం తీసేయండి. కానీ మనం ఉండేది నెల్లూరు జిల్లాలో, రోహిణి కార్తెలో కోడి కూడా నీడ వదిలి రాదు. కాబట్టి ఏర్పాటు మనమే చేసుకోవాలి. వంట తెల్లవారుజామునే అయిపోవాలి. పొయ్యి దగ్గర ఎత్తు స్టూలు, వెనక ఫ్యాను, మెడ మీద తడి తువ్వాలు పెట్టుకోండి. మన చేపల పులుసు ఎలాగూ మర్నాటికే రుచి, ఆదివారం మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడి చేయాల్సిన పని లేదు, శనివారం చల్లపొద్దున చేసి పెట్టేయొచ్చు. అత్తగారు కూడా కాదనలేని వాదన ఇది. వేడినీళ్ల తలస్నానం ఎండాకాలంలో మానేయండి. జ్వరం వచ్చినా ఇలాగే పాత లక్షణాలు పైకి తేలతాయి, ముందు జ్వరం సంగతి చూడండి. కొత్త లక్షణం గానీ, పాతదే గట్టిగా తిరగబెట్టడం గానీ, జ్వరం లేకుండా 24 గంటలు దాటి ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

బాత్రూం సమస్యకు మన ఆడవాళ్లు కనిపెట్టిన పరిష్కారం నీళ్లు తాగడం మానేయడం. స్కూల్లో మీరూ అదే చేస్తుంటారని నా అనుమానం. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, జ్వరం వస్తుంది, ఎం.ఎస్. రెచ్చిపోతుంది. మూత్రం ఆపుకోలేకపోవడం ఈ జబ్బులో భాగమే, దానికి మందులూ వ్యాయామాలూ ఉన్నాయి. చెన్నైలో ఈ మాట ఎత్తారో లేదో మీరు రాయలేదు. ఎత్తకపోతే ఈసారి ఎత్తండి.

స్కూలు విషయానికి వద్దాం. చెప్పాలా వద్దా అంటే, నా ఓటు చెప్పడానికే, అయితే కరస్పాండెంట్‌కు మాత్రమే, కాగితం మీద మాత్రమే. స్టాఫ్ రూంలో వద్దు. అక్కడ చెబితే సాయంత్రానికి మీ జబ్బు పేరు మారిపోయి ట్రంక్ రోడ్డంతా తిరుగుతుంది. ముందు మీ న్యూరాలజిస్టు దగ్గర ఒక లెటర్ తీసుకోండి. అందులో జబ్బు పేరు ఉండాల్సిన పని కూడా లేదు. "నరాల సమస్యకు చికిత్స తీసుకుంటున్నారు, ఉద్యోగం చేయగలరు, మెట్లు ఎక్కడం, ఎండలో నిలబడటం తగ్గించాలి" అని ఉంటే చాలు. "ఉద్యోగం చేయగలరు" అన్న ముక్క తప్పకుండా ఉండేలా చూడండి, మీ భయానికి జవాబు అదే.

దానికి మీ అర్జీ జతచేయండి. పొడుగాటి కథ వద్దు. ఇలా రాయవచ్చు: "నా క్లాసులు కింది అంతస్తులో వేయాలని, వీలైనంతవరకు నా పీరియడ్లు మధ్యాహ్న భోజనానికి ముందే ఉండేలా టైంటేబుల్ సర్దాలని, ఎండలో చేసే ప్రేయర్, బస్ డ్యూటీలకు బదులు నాకు పేపర్లు దిద్దే పని, రికార్డుల పని ఇవ్వాలని కోరుతున్నాను." చూడండి, ఇందులో స్కూలుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు, మీరు ఎగ్గొట్టిన పనీ లేదు. పదో తరగతికి సోషల్ చెప్పే టీచరు దొరకడం కరస్పాండెంట్‌కూ అంత తేలిక కాదని గుర్తుంచుకుని మాట్లాడండి. అడగడానికి మంచి సమయం వేసవి సెలవుల్లో, జూన్ టైంటేబుల్ వేయక ముందు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మీ సమస్య కొంత తనంతట అదే తగ్గుతుంది, అప్పుడు అడిగితే ఎవరికీ అవసరం కనిపించదు. అర్జీ కాపీ మీద తేదీ, సంతకం తీసుకోండి. ఇవ్వడానికి నసిగితే అదే అర్జీని వాట్సాప్‌లో పంపండి.

చట్టం మీ వెనక ఎంతవరకు నిలబడుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుతో సహా ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అని 20వ సెక్షన్ గట్టిగా చెబుతుంది, కానీ అది ప్రభుత్వ సంస్థలకు. ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం ఒకటి రాసి పెట్టుకోవాలని 21వ సెక్షన్ చెబుతుంది. 20 మంది లేదా అంతకు పైగా పనిచేసే చోట అందులో ఏమేం ఉండాలో 2017 నిబంధనల్లో ఉంది. మన వైపు ఎన్ని స్కూళ్లు ఆ విధానం రాశాయంటే, మీరూ నేనూ నవ్వుకోవాల్సిందే. అందుకే మొదటి రోజే చట్టం మాట ఎత్తకండి. అడిగినందుకే తీసేస్తామంటే అప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. మహిళ కావడం వల్ల, ఆదాయంతో పని లేకుండా, అక్కడ మీకు వకీలు ఉచితం. ఫోన్ నంబరు 15100. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పుడు సర్టిఫికెట్. తీసుకోండి. అయితే దాని నుంచి ఏమొస్తుందో, ఏమి రాదో తెలిసి తీసుకోండి, లేకపోతే తర్వాత ఉసూరుమంటారు.

మీసేవలో గానీ మీ వార్డు సచివాలయంలో గానీ సదరం స్లాట్, అంటే వైకల్య నిర్ధారణ వైద్య పరీక్షకు తేదీ, బుక్ చేసుకోవాలి. స్లాట్ తీసుకునేటప్పుడే మీది నరాలకు సంబంధించిన సమస్య అని, దాన్ని చూసే డాక్టరున్న ఆసుపత్రికే వేయమని అడగండి. ఊరికే ఎముకల డాక్టరు ముందు కూర్చుంటే మోకాలు వంచి చూసి పంపించేసే ప్రమాదం ఉంది. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గర, ఒంగోలు వైపు వాళ్లకు అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. ఎం.ఆర్.ఐ. రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు, కంటి పరీక్షల కాగితాలు వరస తేదీల్లో ఒక ఫైలులో పెట్టుకోండి. అన్నిటి మీదా ఒక పేజీ మీరే రాయండి. ఎంత దూరం నడిస్తే ఆగాల్సి వస్తుంది, ఎన్ని మెట్లు ఎక్కగలరు, రోజుకు ఎన్నిసార్లు బాత్రూంకు పోతారు, నెలలో ఎన్ని రోజులు స్కూలు మానేశారు. శాతం ఇచ్చేది జబ్బు పేరును బట్టి కాదు, ఒంట్లో ఏ పని ఎంత తగ్గింది అన్నదాన్ని బట్టి. డాక్టరు ముందు మీరు కూర్చునే ఐదు నిమిషాలు మీకు మంచి ఐదు నిమిషాలే కావచ్చు, చెడ్డ రోజులను ఆ పేజీ చూపిస్తుంది. ఎక్కువ చేసి రాయకండి, తక్కువ చేసి అసలే రాయకండి. మన ఆడవాళ్లకు రెండోది అలవాటు.

"పర్సెంటేజీ పెంచిస్తాం" అని ఆసుపత్రి గేటు దగ్గరా, జిరాక్స్ షాపు దగ్గరా ఎవరైనా తగిలితే దండం పెట్టి వచ్చేయండి. 2025లో వికలాంగ పింఛన్లకు రాష్ట్రమంతా మళ్లీ వైద్య పరీక్షలు జరిపారు. అలాంటి కాగితాలు అప్పుడే బయటపడతాయి, వాటితోపాటు నిజమైనవాళ్లూ నలిగిపోతారు.

శాతం 40 దాటితే చాలా వాటికి అర్హత మొదలవుతుంది. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, 40కి లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 పైన నీలం రంగులో వస్తుంది. తక్కువ ఇచ్చారనిపిస్తే అదే 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. మీ జబ్బు హెచ్చుతగ్గులుగా ఉండేది కాబట్టి కొంతకాలానికే చెల్లే సర్టిఫికెట్ ఇస్తే కంగారు పడకండి, గడువు ముగిసేలోపు మళ్లీ వెళ్లాలి, అంతే.

పింఛను మీకు వస్తుందని నేను ఆశ పెట్టను. ఎన్టీఆర్ భరోసాలో వికలాంగులకు నెలకు 6 వేలు ఇస్తున్నారు, కానీ పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటకూడదనే నిబంధన ఉంది. మీ జీతమూ మీ ఆయన సంపాదనా కలిపితే దాటేస్తుంది. బస్సుకు మీకు కార్డే అక్కర్లేదు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఎలాగూ టికెట్ లేదు. కాకపోతే ముందు సీటు అడిగినప్పుడు "నీకేమైంది" అనేవాళ్లకు చూపించడానికి కార్డు పనికొస్తుంది. రైల్వే రాయితీ జబ్బుల జాబితాలో ఎం.ఎస్. పేరు లేదు. తోడు లేకుండా ప్రయాణించలేనంత నడక సమస్య ఉన్నవాళ్లకు వేరే పద్దు కింద వస్తుంది, దేవుడి దయవల్ల మీరు ఇంకా అక్కడ లేరు.

మరి ఎందుకు తీసుకోమంటున్నాను? మీ వయసు 36, చేతిలో బీఎడ్ ఉంటుంది, డీఎస్సీ మళ్లీ వస్తుంది. వికలాంగులకు వయసు సడలింపు 10 ఏళ్లు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే ఇందాక చెప్పిన 20వ సెక్షన్ కాపలా ఉంటుంది, మీలాంటి జబ్బున్నవాళ్లకు అది జీతం కంటే పెద్ద సంగతి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. 4 శాతం రిజర్వేషన్ ఎవరికో చెప్పే అదే చట్టం 34వ సెక్షన్‌లో చూపు, వినికిడి, కదలిక, మానసిక సమస్యల వంటివి ఉన్నాయి గానీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని విడిగా లేదు. ఎం.ఎస్. వల్ల మీ నడకో చూపో తగ్గింది కాబట్టి, సర్టిఫికెట్‌లో జబ్బు పేరు ఒక్కటే కాకుండా కదలికలో ఇంత శాతం, చూపులో ఇంత అని నమోదు చేస్తారేమో బోర్డు డాక్టర్లను అక్కడే అడగండి. ఇంటికొచ్చాక మార్పించుకోవడం పెద్ద తిరుగుడు.

జిల్లాలో ఎవరున్నారని అడిగారు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ ఉంది, వికలాంగుల నైపుణ్యాభివృద్ధి, పునరావాస ప్రాంతీయ కేంద్రం. పిల్లలకే అనుకుంటారు, పెద్దవాళ్లూ పోవచ్చు. ఫిజియోథెరపీ, రోజువారీ పనులు ఓపిక మిగుల్చుకుంటూ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ మీకు కావలసినవి. మీరు వెతకాల్సింది ఆ రెండోదాన్ని, ఈ మాట ఇక్కడ డాక్టర్లే తక్కువ చెబుతారు. ఎం.ఎస్. ఉన్నవాళ్ల కోసమే 1985 నుంచి మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా పనిచేస్తోంది, హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ శాఖలున్నాయి. తెలుగులో మాట్లాడుకోవడానికి హైదరాబాద్ నయం. అక్కడ వీల్ చైర్లలో ఉన్నవాళ్లను చూసి మొదటిసారి గుండె జారవచ్చు. ఇరవై ఏళ్లుగా జబ్బుతో ఉండి ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లూ ఉంటారు, వాళ్ల పక్కన కూర్చోండి. రాత్రిళ్లు మనసు మరీ కుంగిపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఏ గంటకైనా పలుకుతుంది, ఖర్చు లేదు.

మిగిలింది చెల్లెలి పెళ్లి. అమ్మ భయం ఉట్టి భయం కాదు, మన సంబంధాలు చూసేవాళ్లు ఆరు తరాలు తవ్వుతారు. కానీ అమ్మకు రెండు విషయాలు చెప్పండి. ఎం.ఎస్. తల్లి నుంచి బిడ్డకూ, అక్క నుంచి చెల్లికీ నేరుగా దిగే జబ్బు కాదు. తోబుట్టువులకు అవకాశం మామూలువాళ్ల కంటే ఎక్కువే, అయినా వందలో కొద్దిమందికే వస్తుంది. రెండోది, సర్టిఫికెట్ పేపర్లో పడదు, మీ బీరువాలో ఉంటుంది. మీ జబ్బును ఊరికి తెలియజేసేది ఆ కాగితం కాదు, మందు మానేసి కాలు పడిపోతే ఊరంతటికీ అదే తెలుస్తుంది. అబ్బాయి తరఫువాళ్లు సూటిగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు, పెళ్లయ్యాక తెలిస్తే ఆ మాట పడేది మీ చెల్లెలే. ఏం చెప్పాలో ఆ అమ్మాయితో కూర్చుని మీ ఇద్దరూ అనుకోండి. ఇంతవరకు ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు.